పెంకుటింటి పైకప్పు వేడి: కొత్త సరుకు పరిచే ముందు పాతది తీయించండి

ప్రశ్న: మాది గోపాలపట్నంలో బెంగుళూరు పెంకుటిల్లు. మా మామగారు నలభై ఏళ్ళ కిందట కట్టించారు. హాలుకి చెక్క అటక ఉంది. రెండు పడగ్గదులకి హుద్‌హుద్ తుఫాను తర్వాత పెంకులు మార్పించి, ఫాల్స్ సీలింగ్ వేయించి, దాని మీద థర్మోకోల్ షీట్లు పరిపించాం. ఇప్పుడు ఎండాకాలం మధ్యాహ్నం ఆ గదుల్లో నిలబడలేకపోతున్నాం. పదకొండు బై పన్నెండు గదికి ఒకటిన్నర టన్నుల ఏసీ పెట్టినా సాయంత్రం దాకా చల్లబడదు. రాత్రి పైన ఎలుకల చప్పుడు. ఒక కాంట్రాక్టరు పాత థర్మోకోల్ మీదే నాలుగంగుళాల గ్లాస్ వూల్ పరిచేస్తానంటున్నాడు. ఇంకొకాయన పెంకుల అడుగున ఫోమ్ స్ప్రే చేయిస్తే జీవితంలో మళ్ళీ చూసుకోనక్కర్లేదంటున్నారు. ఇదంతా దండగ, ఇల్లు పడగొట్టి శ్లాబు వేద్దామని మా అబ్బాయి గోల. మా అత్తగారికి ఆయాసం ఉంది, గ్లాస్ వూల్ ఆవిడకి పడుతుందో లేదోనని టెన్షన్. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: ఇల్లు పడగొట్టక్కర్లేదండి. ఫోమ్ వద్దు. గ్లాస్ వూల్, అంటే గాజు పోగులతో చేసే దూది, మంచిదే, వేయించండి. కానీ పాత థర్మోకోల్ మీద మాత్రం వద్దు, నాలుగంగుళాలు కూడా అక్కర్లేదు. మీ డబ్బులో ఎక్కువ భాగం కొత్త సరుకు మందానికి కాకుండా, దాన్ని పరిచే ముందు చేయాల్సిన పనికి పోవాలి. ఆ పని గురించి ఏ కాంట్రాక్టరూ మీతో మాట్లాడినట్టు ఉత్తరంలో లేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ వేడి నిజంగా పైనుంచే వస్తోందా అన్నది తేల్చుకోండి. మంచి ఎండ కాసిన రోజు, ఏసీ ఆపేసి, మధ్యాహ్నం రెండింటికి ఒక స్టూలు మీద నిలబడి అరచెయ్యి సీలింగ్‌కి జానెడు దూరంలో పెట్టండి. ఆ తర్వాత అదే చెయ్యి పడమటి గోడకి అంతే దూరంలో పెట్టండి. సెగ ఎటునుంచి కొడుతోందో చెయ్యే చెబుతుంది. అంకె కావాలనుకుంటే, జ్వరం చూసేది కాకుండా గోడల వేడి చూసే చిన్న ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు దొరుకుతుంది, తెలిసిన ఏసీ మెకానిక్ దగ్గర ఉంటే అడిగి తెచ్చుకోండి. మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి సీలింగ్, నాలుగు గోడలూ చూసి రాసుకోండి. రెండింటికి సీలింగ్ గోడల కంటే నాలుగైదు డిగ్రీలు ఎక్కువ చూపిస్తే దోషం కప్పుదే. రాత్రి తొమ్మిదింటికి సీలింగ్ మామూలుగా ఉండి పడమటి గోడ వేడిగా ఉంటే, రాత్రి పూట మిమ్మల్ని బాధపెట్టేది ఆ గోడ. పైన ఎంత దూది పరిచినా ఆ గోడ చల్లబడదు. దానికి బయట ఒక పందిరో, చెట్టో, కనీసం షేడ్ నెట్టో కావాలి.

పెంకు పలచన కాబట్టి ఎండ తగలగానే వేడెక్కుతుంది, పొద్దు వాలగానే చల్లారుతుంది. పెంకుటింట్లో మధ్యాహ్నం మూడింటికి ఉడికిపోయినా రాత్రికి ప్రాణం లేచొచ్చేది అందుకే. శ్లాబు అలా కాదు. అయిదారు అంగుళాల కాంక్రీటు పగలంతా వేడి తాగి, రాత్రి ఏడెనిమిది గంటల నుంచి మెల్లగా గదిలోకి వదులుతుంది. డాబా ఇంట్లో పై అంతస్తులో ఉండే మీ బంధువుల్ని ఎవరినైనా అడగండి, రాత్రి పదింటికి ఫ్యాను వేస్తే పైనుంచి వేడిగాలే వస్తుందని చెబుతారు. అబ్బాయికి ఇంకో మాట కూడా చెప్పండి. ఇళ్ళలో కరెంటు పొదుపు కోసం కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే నియమావళి ప్రకారం కప్పులోంచి వేడి దిగే రేటు చదరపు మీటరుకి, ఒక డిగ్రీ తేడాకి 1.2 వాట్లు దాటకూడదు. ఏమీ వేయని మామూలు శ్లాబుకి అది దాదాపు మూడు దాకా ఉంటుంది. అంటే పెంకులు పడగొట్టి శ్లాబు పోసినా, చల్లగా ఉండాలంటే దాని మీద మళ్ళీ ఇన్సులేషన్, అంటే వేడి ఆపే పొర, వేయించాల్సిందే. ఇల్లు పాతదైపోయిందనో, పైన ఇంకో అంతస్తు కావాలనో శ్లాబు వేసుకుంటే అది వేరే లెక్క. చల్లదనం కోసమైతే మాత్రం వద్దు.

ఇక మీ ఇంటి పైభాగానికి వద్దాం. ఎర్ర పెంకు మే నెల ఎండకి అరవై డిగ్రీల దాకా కాగుతుంది. కాగిన పెంకు తన కింద ఉన్న గాలిని వేడి చేయడం ఒక ఎత్తు, నేరుగా కిందికి సెగ కొట్టడం ఇంకో ఎత్తు. సీలింగ్‌కి చేరే వేడిలో పెద్ద వాటా ఈ సెగదే. గాలి లేకపోయినా, మధ్యలో ఖాళీ ఎంత ఉన్నా అది దిగుతూనే ఉంటుంది. మీ థర్మోకోల్ దీన్ని కొంత ఆపాలి. ఆపడం లేదంటే పైన ఏదో చెడింది.

కాబట్టి మొదటి పని, పొద్దున్నే ఏడింటిలోపు, ఎండ ఎక్కకముందు, టార్చి పట్టుకుని ఒక మనిషిని పైకి ఎక్కించడం. సీలింగ్ బోర్డు మీద కాలు వేయకూడదు, దూలాల మీద పలక వేసుకుని దాని మీదే కూర్చోవాలి. మీ ఇంటి వయసు, మీరు రాసిన లక్షణాలు చూస్తే అక్కడ కనిపించేవి ఇవే అయి ఉంటాయి. థర్మోకోల్ షీట్లు జరిగిపోయి వాటి మధ్య బెత్తెడు సందులు. ఎలుకలు కొరికిన చోట షీటు మరమరాల్లా రాలి కుప్పలు కుప్పలుగా ఉండటం. సీలింగ్‌ని పట్టుకున్న ఇనప కడ్డీలు తుప్పు పట్టి, గోటితో గీకితే పొరలు పొరలుగా ఊడటం. సముద్రపు గాలి ఉన్న ఊళ్ళో ఇది మామూలే. లైట్ల కోసం కోసిన రంధ్రాల చుట్టూ ఏమీ లేకుండా బోర్డు బోసిగా ఉండటం. కొన్ని ఇళ్ళలో బాత్‌రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాను గొట్టమో, వంటింటి చిమ్నీ గొట్టమో బయటికి పోకుండా అటకలోనే, అంటే సీలింగ్‌కీ పెంకులకీ మధ్య ఖాళీలోనే, ఆగిపోయి ఉంటుంది. ఆవిరంతా అక్కడే తిరిగి చెక్కని కుళ్ళబెడుతుంది. మీ ఇంట్లో అలా ఉంటే ముందు ఆ గొట్టాన్ని గోడ బయటికి తీయించండి. ఇక టార్చి ఆపేసి తలెత్తి చూడమనండి. వెలుతురు చుక్కలు కనిపించిన చోటల్లా పెంకు పగిలిందో, జరిగిందో అర్థం. వానాకాలంలో నీళ్ళు అక్కడినుంచే దిగుతాయి.

ఇప్పుడు పాత థర్మోకోల్ ఎందుకు తీయాలో చూద్దాం. సందులున్న పొర మీద ఇంకో పొర పరిస్తే ఎలుకల గూళ్ళు, మలమూత్రాల వాసన అన్నీ కింద భద్రంగా ఉండిపోతాయి. అది ఒక్కటే కాదు. థర్మోకోల్ నిప్పుకి తొందరగా అంటుకుంటుంది, నల్లటి పొగ చిమ్ముతుంది. మామూలు పీవీసీ కరెంటు తీగ ఏళ్ళ తరబడి దానికి ఆనుకుని ఉంటే, తీగ తొడుగుని మెత్తగా ఉంచే నూనె లాంటి పదార్థం థర్మోకోల్‌లోకి పోయి, తొడుగు పెళుసుబారుతుంది. పైన దూది కప్పి దాన్ని కళ్ళకి కనపడకుండా చేయడం మంచిది కాదు. తీసేయించండి. తీసేటప్పుడు పొడి చీపురుతో ఊడవనివ్వకండి. ఎలుకల మలం మీద బ్లీచింగ్ కలిపిన నీళ్ళు చిలకరించి, తడిగా ఉండగానే చేతికి గ్లౌజులు, ముక్కుకి ఎన్-95 మాస్కు పెట్టుకుని సంచుల్లోకి ఎత్తాలి. పెరట్లో వేసి కాల్చకండి, ఆ పొగ మీ అత్తగారికే కాదు, వీధి మొత్తానికీ చెడ్డది.

పాతది తీశాక, కొత్తది పరచకముందు కరెంటు పని. ఇది నేను గట్టిగా చెబుతున్న మాట. ఆస్ట్రేలియాలో 2009-10లో ఇళ్ళ పైకప్పుల్లో ఇన్సులేషన్ వేయించే ప్రభుత్వ పథకం నడుస్తుండగా నలుగురు కుర్రాళ్ళు చనిపోయారు. ముగ్గురు కరెంటు షాక్ కొట్టి, ఒకరు అటకలో వేడికి. అల్యూమినియం ఫాయిల్ వేసి లోహపు పిన్నులు కొడుతుంటే పిన్ను తీగలోకి దిగిన సందర్భాలు వాటిలో ఉన్నాయి. మీ ఇంట్లో నలభై ఏళ్ళ వైరింగ్ ఎక్కడైనా మిగిలి ఉందేమో ముందు తెలుసుకోండి. ఎలుకలు కొరికిన తీగలన్నీ మార్పించండి. పైకి ఎవరు ఎక్కినా మెయిన్ ఆపి ఎక్కాలి, స్విచ్చి ఆపితే చాలదు. ఏసీకి వెళ్ళే తీగని దూది కింద కప్పెట్టకూడదు. చుట్టూ దూది ఉంటే తీగలో పుట్టే వేడి బయటికి పోదు, అది మోయగల కరెంటు బాగా తగ్గిపోతుంది. తీగలన్నీ పైపుల్లో వేయించి, దూలాలకి కట్టి, దూదికి పైన ఉండేలా చూడండి. సీలింగ్‌లో దిగేసిన లైట్లకి ఉండే చిన్న డ్రైవరు పెట్టెల్నీ అలాగే పైకి తీసి పెట్టించాలి.

ఎలుకల దారి చూరు దగ్గర. గోడ మీద వాసాలు ఆనే చోట సందులుంటాయి, ఉడతలూ ఎలుకలూ అక్కడినుంచే వస్తాయి. ఆ సందుల్ని సిమెంటుతో మూసేయకండి. గాలి ఆడేది కూడా అక్కడినుంచే. చిన్న కంతల స్టీలు జాలీ కొట్టించండి. కంత అర సెంటీమీటరు దాటితే చిట్టెలుక దూరేస్తుంది. జీఐ (జింకు పూసిన ఇనుము) జాలీ చవకే కానీ మన గాలికి తొందరగా తుప్పు పడుతుంది, స్టెయిన్‌లెస్ స్టీలు అడగండి. ఇంటికి రెండు చివర్లా ఉండే త్రికోణపు గోడల్లో పాతకాలం మేస్త్రీలు గాలికి కంతలు వదిలేవాళ్ళు. మీ ఇంట్లో అవి ఉండి, ఎవరైనా పావురాల కోసం మూసేసి ఉంటే మళ్ళీ తెరిపించి, జాలీ పెట్టించండి.

పెంకుల పని ఇక్కడే పూర్తి చేయించండి. పగిలినవి మార్చి, జరిగినవి సర్ది, చూరు వరసనీ నెత్తిన వరసనీ తీగతో కట్టించాలి. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబరు 12న ఏం ఎగిరిపోయాయో మీరు కళ్ళారా చూసినవాళ్ళే కాబట్టి దీని గురించి ఎక్కువ రాయను. రీపర్లు (పెంకులు ఆనే సన్న కర్ర పట్టీలు), వాసాల్లో చెదలు పట్టిన చోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూడమనండి. మెత్తగా దిగితే ఆ కర్ర మార్చాల్సిందే.

ఇప్పుడు మందం సంగతి. కాస్త లెక్క చూపిస్తాను. మీ గది 132 చదరపు అడుగులు, అంటే దాదాపు 12 చదరపు మీటర్లు. ఎండలో అటకలో గాలి 48 డిగ్రీలు, గదిలో 26 ఉందనుకుందాం. తేడా 22. ఫాల్స్ సీలింగ్ జిప్సమ్ బోర్డు ఒక్కటే ఉంటే పైనుంచి దిగే వేడి సుమారు 700 వాట్లు. ఒక ఐరన్ బాక్సు ఆన్ చేసి గదిలో వదిలేసినంత. దాని మీద రెండంగుళాల గ్లాస్ వూల్ సందు లేకుండా పరిస్తే అది 150 వాట్లకి పడిపోతుంది. నాలుగంగుళాలు పరిస్తే 80. అంటే మొదటి రెండంగుళాలు 550 వాట్లు ఆపాయి, తర్వాతి రెండంగుళాలు ఆపింది 70. రెండో పొరకి కూడా మొదటి పొరంత డబ్బే పోయాలి. చలిదేశాల్లో లోపల 20, బయట సున్నాకి పది కింద, అదీ నెలల తరబడి రాత్రింబవళ్ళు ఉంటుంది కాబట్టి వాళ్ళు అడుగు మందం కూడా వేసుకుంటారు. మనకి ఆ తేడా రోజుకి ఆరేడు గంటలే. రెండంగుళాలు చాలు, మహా అయితే మూడు. కానీ ఆ లెక్కంతా సందు లేకుండా పరిస్తేనే. అక్కడక్కడా అరచేయంత ఖాళీలు వదిలేస్తే నాలుగంగుళాల పొర కూడా మిమ్మల్ని కాపాడదు. అందుకే మందం పెంచమని కాదు, అంచులు సరిగా కోసి, దూలానికీ గోడకీ ఆనేలా తొడగమని పనివాళ్ళ వెంట పడండి.

బరువు కూడా చూసుకోవాలి. ఘనపు మీటరుకి 24 కిలోల సాంద్రత ఉన్న గ్లాస్ వూల్ రెండంగుళాలు వేస్తే మీ గది మీద పడే బరువు 15 కిలోలు. అదే 48 సాంద్రత సరుకు నాలుగంగుళాలు వేస్తే దాదాపు 60 కిలోలు. ఆ కడ్డీలు తుప్పు పట్టి ఉంటే ఇది చిన్న విషయం కాదు. కడ్డీలు ఎలాగూ పరీక్షించి, అనుమానం ఉన్నవి మార్పించండి. ఫ్యాను కొక్కెం దూలానికే ఉండాలి, ఫాల్స్ సీలింగ్ ఫ్రేముకి ఉంటే వెంటనే మార్పించాలి.

గ్లాస్ వూలా, రాతి పోగులతో చేసే రాక్ వూలా అంటే, రెండూ పనికొస్తాయి. రెండూ మంటకి అంటుకోవు, వేడి ఆపే గుణం దాదాపు ఒకటే. రాక్ వూల్ సాధారణంగా కొంచెం బరువు. ఐఎస్ 8183 ప్రమాణం ముద్ర ఉన్న సరుకు అడగండి.

ఇక మన ఊరికి ప్రత్యేకమైన మాట ఒకటుంది. హైదరాబాదులో ఇన్సులేషన్ వేసిన అనుభవంతో ఇక్కడ పనిచేస్తే చెడేది ఇక్కడే. విశాఖ గాలిలో తేమ ఎక్కువ. 32 డిగ్రీల వేడిలో 72 శాతం తేమ ఉందంటే, ఆ గాలి 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా అక్కడ నీరు పడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టే చెమ్మ అదే. ఇప్పుడు మీ బోర్డు మీద సరైన ఇన్సులేషన్ లేదు కాబట్టి పైనుంచి వేడి తగిలి బోర్డు వెచ్చగా ఉంటోంది, చెమ్మ పట్టడం లేదు. ఇన్సులేషన్ బాగా వేశాక బోర్డు గదిలోని చల్లదనానికి వచ్చేస్తుంది. ఏసీని 22లో పెట్టి పడుకున్నారనుకోండి, అటకలోని తడిగాలి దూదిలోంచి దిగి, చల్లటి బోర్డు వెనక నీరై కూర్చుంటుంది. రెండు వానాకాలాలు తిరిగేసరికి బోర్డు మీద పసుపు మరకలు, గదిలో ముక్కిన వాసన. అప్పుడు పైన పెంకు కారుతోందనుకుని మేస్త్రీని పిలుస్తారు, ఆయన ఎంత వెతికినా కారుడు దొరకదు.

దీనికి మందు సులువే. ఒక వైపు ఫాయిల్ అతికించిన దూది కొని, ఆ ఫాయిల్ పైకి, అంటే పెంకుల వైపు ఉండేలా పరిపించండి. దూది పలకల మధ్య కీళ్ళకి అల్యూమినియం టేపు వేయించండి. తడిగాలి పైనే ఆగిపోతుంది. చలిదేశాల వీడియోలు చూసిన పనివాళ్ళు ఫాయిల్‌ని గది వైపుకి తిప్పుతారు. అక్కడ తేమ ఇంట్లోంచి బయటికి పోతుంది కాబట్టి వాళ్ళకి అది సరి. ఏసీ వేసుకునే విశాఖ గదికి అది తలకిందులు. దూది కింద, బోర్డు మీద ప్లాస్టిక్ షీటు పరుస్తానంటే అసలు ఒప్పుకోకండి. లైట్ల రంధ్రాలు, ఏసీ పైపులు దిగే చోటు, ఫ్యాను కడ్డీ చుట్టూ ఉన్న సందులు ముందే సీలెంటుతో మూయించండి. ఆ తర్వాత ఏసీని 26లో పెట్టి, ఫ్యాను నెమ్మదిగా తిప్పుకోండి. 2020 నుంచి స్టార్ లేబులున్న ఏసీలు ఆన్ చేయగానే 24 చూపించేలా వస్తున్నాయి, చేత్తో రెండు పెంచుకోవాలి. సీలింగ్ సెగ ఆగిపోయాక 26 మీకు చాలా హాయిగానే ఉంటుంది. ఇన్నాళ్ళూ 22 పెట్టినా చాలకపోవడానికి కారణం పైనుంచి ఒంటికి నేరుగా తగిలే ఆ సెగే.

ఇంకొంచెం డబ్బు ఉంటే వాసాల అడుగున ఒక ఫాయిల్ పొర వేయించండి. నన్నడిగితే దూది మూడో అంగుళం కంటే ఇది ఎక్కువ పనిచేస్తుంది. శుభ్రంగా మెరిసే అల్యూమినియం ఫాయిల్ తన మీద పడ్డ సెగలో 95 శాతం దాకా వెనక్కి కొడుతుంది, వేడెక్కినా కిందికి చాలా తక్కువ వదులుతుంది. షరతు ఒకటే, దానికి ఆనుకుని ఏమీ ఉండకూడదు. కనీసం అంగుళం గాలి ఖాళీ ఉండాలి. మెరిసే వైపు కిందికి పెట్టించండి, పైకి పెడితే దుమ్ము పట్టి ఏడాదిలో మెరుపు పోతుంది. రెండు వైపులా మెరిసేది అయితే ఇంకా మంచిది. కింది అంచు గోడ దాటి చూరులోకి దిగాలి, అప్పుడు ఎక్కడైనా పెంకు కారినా నీళ్ళు ఫాయిల్ మీదుగా జారి బయట పడతాయి. దూది తడవదు, తడిసిన దూది వేడిని ఆపలేదు. పై అంచుని కప్పు కొన దగ్గర రెండంగుళాలు వదిలేయాలి, పెంకుకీ ఫాయిల్‌కీ మధ్య కాగిన గాలి అక్కడినుంచి పైకి పోతుంది. పిన్నులు కొట్టే రోజు మెయిన్ ఆపే ఉంచండి, ఇందాక చెప్పిన ఆస్ట్రేలియా సంగతి మరిచిపోవద్దు.

ఫోమ్ ఎందుకు వద్దన్నానో చెప్పాలి. అది చెడ్డ సరుకు కాదు. అంగుళానికి అంగుళం లెక్క చూస్తే గ్లాస్ వూల్ కంటే ఎక్కువ వేడి ఆపుతుంది. రేకుల గోడౌన్లకి బాగుంటుంది. పెంకుటింటి గుణమే వేరు, ఒక పెంకు పగిలితే అది తీసి ఇంకోటి పెట్టుకుంటాం. ఫోమ్ కొట్టాక పెంకులూ రీపర్లూ వాసాలూ అన్నీ ఒకే ముద్ద. పగిలిన పెంకులోంచి దిగిన నీరు ఫోమ్ వెనక కర్రలోకి ఇంకుతుంది, కింద చుక్క కూడా కనపడదు. చెదలు పట్టినా కనపడదు. వాసం వంగేదాకా మీకు తెలియదు. పైగా కొట్టేటప్పుడు వచ్చే ఆవిరి ఊపిరితిత్తులకి మంచిది కాదు, ఆయాసం ఉన్నవాళ్ళకి మరీను. కప్పకుండా వదిలేస్తే నిప్పుకీ భయమే. "జీవితంలో చూసుకోనక్కర్లేదు" అన్న మాట నాకు నచ్చనిది కూడా అందుకే. పెంకుటిల్లంటే ఏడాదికోసారి పైకి చూసుకోవాల్సిన ఇల్లే, చూసుకుంటే ఇంకో తరానికి కూడా నిలుస్తుంది.

పెంకుల మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేయించమని ఎవరో ఒకరు చెబుతారు. వేడి తగ్గుతుంది, సందేహం లేదు. కానీ ఏటా దుమ్ము పట్టి మాసిపోతుంది, ఎండలకి ముందు కడగాలి. వాలు కప్పు మీద, పెంకుల మీద ఎక్కి కడగడమంటే ప్రమాదం, పెంకులూ పగులుతాయి. మీ ఇంటికి నేను చెప్పను. డాబా వాళ్ళకి మాత్రం అదే మొదటి మందు.

హాలు మీది చెక్క అటక వేరే సమస్య. అక్కడ మీకు ఇత్తడి గంగాళాలు, పాత ట్రంకు పెట్టెలు, పిల్లల పుస్తకాలు, బొమ్మల కొలువు బొమ్మలు ఉంటాయని ఊహిస్తున్నాను. దూది పరిచి దాని మీద ట్రంకు పెట్టె పెడితే అది అణిగి పలచబడి, ఆ మేరకు వేడి దిగుతుంది. సామాను తగ్గించి, మిగిలినదాన్ని ఒక మూలకి చేర్చండి. ఆ మూల మాత్రం దూది మందానికి కాస్త ఎత్తుగా పట్టీలు కొట్టి, పైన పలకలు వేసి అక్కడ పెట్టుకోండి. మిగతా అటకంతా పరిపించండి. హాల్లో ఏసీ లేదు కాబట్టి చెమ్మ భయం లేదు. చెక్క పలకల సందుల్లోంచి నలుసులు హాల్లోకి రాలకుండా దూది కింద నూలు దుప్పటో, గాలి ఆడే నాన్-వోవెన్ గుడ్డో పరిపించండి. డబ్బు చాలకపోతే హాలుని వచ్చే ఏడాదికి వదిలేసి, ఇప్పుడు మీ అత్తగారి గది ఒక్కటే పూర్తిగా, పద్ధతిగా చేయించండి. అన్ని గదులూ సగం సగం చేయించడం కంటే అది నయం.

కొటేషను నోటి మాటగా తీసుకోకండి. సరుకు పేరు, మందం, సాంద్రత, ఫాయిల్ ఏ వైపు, పాత థర్మోకోల్ తీసి తరలించే ఖర్చు, జాలీ, కీళ్ళ టేపు అన్నీ విడివిడిగా రాసిమ్మనండి. డబ్బు మొత్తం ముందే ఇవ్వకండి. పని పూర్తయ్యాక పైనుంచి ప్రతి మూలా ఫోన్లో ఫోటో తీయించి చూశాకే ఆఖరి వాయిదా ఇవ్వండి.

గ్లాస్ వూల్ అత్తగారికి పడుతుందా అన్నారు. చర్మానికి దురద, కళ్ళకి మంట, గొంతులో గరగర కలిగించే మాట నిజం, అది పరిచే రోజుల్లో. పరిచి, సందులు మూసి, బోర్డు వెనక కదలకుండా ఉన్నాక గదిలోకి రాదు. క్యాన్సర్ భయం కూడా కొందరు పెడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింది క్యాన్సర్ పరిశోధన సంస్థ 2001లో దీన్ని మళ్ళీ పరిశీలించి, ఇళ్ళ ఇన్సులేషన్‌కి వాడే గ్లాస్ వూల్‌ని క్యాన్సర్ కారకం అని చెప్పదగ్గ ఆధారాలు లేని మూడో వర్గంలో పెట్టింది. ఆస్బెస్టాస్ దీనికి పూర్తిగా వేరు, అది రుజువైన కారకం. మీ పెరట్లో వంటిల్లో, బాత్‌రూమో ఆస్బెస్టాస్ కలిసిన సిమెంటు రేకుల కింద ఉంటే ఆ రేకుల్ని కోయించకండి, రంధ్రాలు వేయించకండి, వైరు బ్రష్‌తో గీకించకండి.

పని శీతాకాలం వెళ్ళాక, ఫిబ్రవరి, మార్చిలో పెట్టుకోండి. అప్పటికి వానలు ఉండవు, అటక ఇంకా కాగదు. ఏప్రిల్ దాటితే మనుషుల్ని పొద్దున ఆరు నుంచి తొమ్మిదిలోపే పైకి ఎక్కించాలి, ఇద్దరు లేకుండా ఎవర్నీ ఒంటరిగా పంపకూడదు, మంచినీళ్ళు దగ్గరే ఉండాలి. థర్మోకోల్ తీసే రోజు నుంచి దూది పని అయిపోయి, గదులు తడిగుడ్డతో రెండుసార్లు తుడిచేదాకా అత్తగారిని మీ ఆడపడుచు ఇంట్లోనో, ఇంకెవరైనా దగ్గరివాళ్ళ ఇంట్లోనో ఉంచండి. ఆవిడ ఇన్‌హేలరు, మందులు వెంట పంపించండి. తిరిగొచ్చేముందు ఏసీ ఫిల్టరు విప్పి కడిగించి, మంచాల మీది దుప్పట్లు, కర్టెన్లు ఉతికించండి.